మన్యపు ఏజెన్సీలో సైనికాధికారులు: వారి పదోన్నతి నిబంధనలు

విశాఖపట్టణము, గంజాము మండలముల మన్యచరిత్రను చదువువారికి కేప్టెను మెక్‌ఫెర్సన్, కర్నలు కేంబెల్, లెఫ్టినెంటు స్మిత్, మేజరు గుడాల్ అను పేరులు తరచుగా ఎదురగుచుండును. పేరునకు ముందున్న ఆ హోదాను చాలమంది ఒక గౌరవవాచకముగా నెంచి దాటిపోవుదురు. అది సరికాదని మా యభిప్రాయము. ఈ యధికారులలో పెక్కుమంది చేసిన పని సైనికుల పని కాదు. వారు తగవులు తీర్చిరి, కప్పములు నిర్ణయించిరి, కొండనాయకులతో ఒడంబడికలు చేసికొనిరి, ఒడంబడిక తప్పినవారిని శిక్షించిరి. అయినను వారి హోదా సైనికహోదాయే. అది పెరుగుటకును, పెరుగకుండుటకును కారణము మన్యమునందు గాక మదరాసు సైన్యపు పట్టీలయం దుండెను. ఒక దేశమును పాలించువాని యభివృద్ధి ఆ దేశముతో సంబంధము లేని లెక్కపై ఆధారపడినప్పుడు ఆ పాలన యెట్టి రూపము దాల్చునో పరిశీలించుటకే ఈ వ్యాసమున మేము పూనుకొంటిమి.

ఇచ్చట మన్యమనగా నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు, గూడెము ప్రాంతములు మాత్రమే కావు. కంపెనీ కాలమున వానితో ముడివడియుండిన జయపురము, గుమ్సూరు కొండలను గూడ చేర్చుకొని చూడవలెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమగువరకు కోరాపుట్టును అరకులోయయు విశాఖపట్టణపు ఏజెన్సీలోనివే. ఆ యేర్పాటుతో మనకును ఒరియావారికిని నడుమ గీత పడినదిగాని, గాలికొండకు ఈవల నున్న కోందునకును ఆవల నున్న కోందునకును ఆ గీతతో నిమిత్తము లేదు. మెరియా నిర్మూలనమను పేర జరిగిన పాలనాచరిత్ర యంతయు ఆవలివైపుననే జరిగినదని దానిని మనవారు విడిచిపెట్టుచుండుట ఈ గీత వలన గలిగిన నష్టములలో నొకటి.

సైనికులు ఈ కొండలకు ఏలికలుగా వచ్చుటకు మూలము 1832 నుండి 1837 వరకు జరిగిన తిరుగుబాటులు. పాలకొండ, పర్లాకిమిడి, గుమ్సూరు వరుసగా అట్టుడికినవి. వానిని అణచుటకు మదరాసు ప్రభుత్వము జార్జి రసెల్ అను సివిలు ఉద్యోగిని ప్రత్యేక కమీషనరుగా పంపెను. మైదానపు న్యాయస్థానములు, రెవిన్యూ శాసనములు ఈ కొండలలో సాగవని ఆయన తేల్చెను. 1839వ సంవత్సరపు 24వ చట్టము ఆ సలహాకు ఫలితము. దానివలన గంజాము, విశాఖపట్టణము మండలములలోని కొండప్రదేశములు సాధారణ న్యాయస్థానముల యధికారము నుండి తొలగింపబడి, కలెక్టరునకే గవర్నరు ఏజెంటను హోదాతో అప్పగింపబడినవి. 'ఏజెన్సీ' యను మాట మన భాషలో స్థిరపడినది ఆనాటినుండియే. కాని ఏజెంటు సముద్రతీరమున నుండును. కొండలమీద తిరుగుటకు మనుష్యులు కావలెను. సివిలు ఉద్యోగులు తక్కువ, వారి జీతములు ఎక్కువ, మన్యపుజ్వరము ఎవ్వరిని విడిచిపెట్టదు. సైన్యములో నైతే పడుచు అధికారులు కావలసినంతమంది యుండిరి. గుమ్సూరు యుద్ధములో వారిలో కొందరు ఆ దారులను ఎరిగియుండిరి కూడ. కావున కేప్టెనులను, లెఫ్టినెంటులను కలెక్టరునకు సహాయకులుగా నియమించు పద్ధతి యేర్పడెను.

ఇక వారి పదోన్నతి సంగతి. ఇంగ్లండు రాజుగారి సైన్యములో ఆ కాలమున హోదాలు వెల యిచ్చి కొనుట గలదు. ఆ యాచారము 1871 వరకు సాగెను. కంపెనీ సైన్యములో ఈ క్రయవిక్రయములు లేవు. అచ్చట సర్వము జ్యేష్ఠతయే. కెడెట్టుగా వచ్చిన బాలుడు ఎన్‌సైనై, ఒక రెజిమెంటు పట్టీలో చివర చేరును. 1824వ సంవత్సరపు సంస్కరణ తరువాత ఒక కాల్బలపు రెజిమెంటులో పైన ఒక కర్నలు, ఒక లెఫ్టినెంటు కర్నలు, ఒక మేజరు. వారి క్రింద అయిదారుగురు కేప్టెనులు, పదిమంది లెఫ్టినెంటులు, కొద్దిమంది ఎన్‌సైనులు. పైవాడు చనిపోయినను, విరమించినను, వేరొకచోటికి పోయినను క్రిందివారందరు ఒక్కొక్క మెట్టు జరుగుదురు. మేజరు వరకు ఈ జరుగుడు ఆ రెజిమెంటులోపలనే జరుగవలెను. ఆపైన మొత్తము సైన్యపు పట్టీని బట్టి జరుగును. యోగ్యత యెంత యున్నను తనకు ముందున్నవానిని దాటిపోవుటకు వీలులేదు. అయోగ్యుడైనను తన వంతు తప్పదు.

ఇట్టి పద్ధతిలో కాలము ఎంత నెమ్మదిగా నడచెనో మన పాఠకులకు పరిచితుడైన యొకని యుదాహరణముచే చెప్పవచ్చును. మన గ్రామ కైఫీయత్తులను సేకరింపించిన కోలిన్ మెకంజీ 1783లో మదరాసునకు కెడెట్టుగా వచ్చెను. మైసూరు యుద్ధములు, నైజాము రాజ్యపు కొలతలు, జావా దండయాత్ర యన్నియు ముగించి, 1815లో భారతదేశపు సర్వేయరు జనరలైన పిమ్మట, 1819లోగాని అతనికి కర్నలు హోదా రాలేదు. అనగా ముప్పదియారేండ్లు. మరి రెండేండ్లకు అతడు మరణించెను. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో ప్రారంభమగునాటికి ఆర్థరు కాటన్ మదరాసు ఇంజనీర్లలో చేరి యిరువదియెనిమిదేండ్లైనది. ఆనాటికి అతడు మేజరు. గోదావరిని కట్టినందువలన ఇంజనీర్ల పట్టీలో అతనికంటె ముందున్నవా డెవ్వడును వెనుకకు జరుగలేదు.

ఈ నెమ్మదికి విరుగుడుగా రెండు మార్గము లుండెను. ఒకటి, రెజిమెంటులోని క్రిందివారందరు చందాలు వేసికొని, పైనున్న వృద్ధునకు కొంత సొమ్ము ముట్టజెప్పి, అతనిని విరమింపజేయుట. కంపెనీ డైరెక్టర్లు దీనిని కొంతకాలము నిషేధించి, తరువాత కన్నులు మూసికొని, తుదకు అంగీకరించిరి. క్రయము లేదన్న సైన్యములో క్రయము ఈ విధముగా దొడ్డిదారిని ప్రవేశించెను. రెండవది బ్రెవెటు. బ్రెవెటనగా రెజిమెంటులో స్థానము మారకుండ సైన్యములో మాత్రము పై హోదా యిచ్చుట. పదునైదేండ్లు గడచినను కేప్టెను కాలేని వానికి బ్రెవెటు కేప్టెను హోదా లభించుచుండెను. యుద్ధములో ప్రసిద్ధి గాంచినవారికిని బ్రెవెటు లభించుచుండెను. ఈ తుదిమాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. యుద్ధమున బ్రెవెటు కలదు. తగవు తీర్చుటలో బ్రెవెటు లేదు.

పట్టీలో తన పైనున్నవారు తగ్గుటకు మరణము ముఖ్యసాధనమైనప్పుడు జ్వరము కూడ నిబంధనలలో నొక భాగమగును. ఈ మాట కఠినముగా తోపవచ్చునుగాని, లెక్క అదియే. గుమ్సూరు కొండలలో జ్వరముచే పడిపోయిన కేప్టెను, వందల మైళ్ళ దూరమున కంటోన్మెంటులో కూర్చున్న లెఫ్టినెంటునకు ఒక మెట్టు ఇచ్చిపోవుచుండెను. మన్యమున బ్రతికి పనిచేసినవానికి మాత్రము ఆ బ్రతుకు వలన ఏ మెట్టును రాదు.

అట్లయినచో సైనికులు ఈ కొండలకు రానేల యను ప్రశ్న పుట్టును. సమాధానము బత్తెములో నున్నది. సివిలు పనిమీద నున్న సైనికాధికారికి రెజిమెంటులో కంటె ఎక్కువ రాబడి యుండెను. అధికారము సరేసరి. అన్నిటికంటె ముఖ్యముగా, రెజిమెంటును విడిచి ఎన్నేండ్లు దూరముగా నున్నను పట్టీలో అతని స్థానము చెక్కుచెదరదు. తన పటాలమును చూడకయే ఏండ్లు గడపి, జ్యేష్ఠతచే కేప్టెనై, మేజరైనవా రెందరో కలరు. రెజిమెంటులలో అధికారులు కరవగుచున్నారని సేనాపతులు మొరపెట్టుకొనుట కంపెనీ చరిత్రలో నిత్యకృత్యము. అనగా ఈ మనిషి రెండు పుస్తకములలో నుండెను. ఒక పుస్తకములో అతని పేరు శాశ్వతము; రెండవదానిలో ఎరువు సొమ్ము వంటిది. మన్యమునకు దక్కినది ఈ రెండవ పుస్తకము.

దీనికి జాన్ కేంబెల్ జీవితము చక్కని నిదర్శనము. మదరాసు దేశీయ కాల్బలములోని యీ యధికారి గుమ్సూరు యుద్ధములో పనిచేసి, 1837 నుండి గంజాము కొండలలో సహాయకుడుగా నుండెను. భూదేవతకు బలియిచ్చుటకై కొనిపెంచబడు మనుష్యులను కోందులు 'మెరియా' లనుచుండిరి. వారిని విడిపించుట అతని పని. అయిదేండ్లలో అతడు కొండనాయకులతో పరిచయము సంపాదించెను. 1842లో చీనాయుద్ధమునకు పోవలసివచ్చెను. అప్పటికి కొండలలో ఆరంభించిన పని సగములో నుండెను. కాని పటాలపు పట్టీలో పేరున్నవాడు పటాలముతో కదలవలసినదే. ఆ యుద్ధము తరువాత అతనికి సి. బి. బిరుదు వచ్చెను. 1847లో మరల కొండలకు వచ్చునప్పటికి అతడు లెఫ్టినెంటు కర్నలు. కొండలలో గడపిన యేండ్లకును చీనాలో గడపిన నెలలకును సైన్యము కట్టిన వెలలలోని భేదము ఇంతకంటె స్పష్టముగా కనబడదు.

కేంబెల్ లేని కాలమున అతని పని సామ్యుయల్ చార్టర్స్ మెక్‌ఫెర్సన్‌కు సంక్రమించెను. ఇతడు 1827లో మదరాసు సైన్యమున చేరిన స్కాటులాండు వాడు. కోందుల మతాచారములను గూర్చి ఇతడు వ్రాసిన నివేదిక నేటికిని పరిశోధకులు తిరుగవేయునట్టిది. బలమును చూపి మెరియాలను పట్టితెచ్చుట కేంబెల్ పద్ధతి. ముఠాలనడుమ తగవులను తీర్చి, న్యాయము చేకూర్చి, దానికి ప్రతిఫలముగా నరబలిని మానిపించుట మెక్‌ఫెర్సన్ పద్ధతి. రెండింటిలో ఏది మంచిదను వాదము వారిద్దరి జీవితకాలములోనే మొదలయ్యెను. మన కిచ్చట దానితో పనిలేదు. రెండవ పద్ధతికి ఏండ్లు కావలెను. ఒకే మనిషి నిలుకడగా నుండవలెను. సైన్యపు పట్టీ ఇయ్యలేనిది ఆ నిలుకడనే.

1845వ సంవత్సరపు 21వ చట్టముచే మదరాసు, బంగాళా ప్రభుత్వముల కొండప్రదేశములను కలిపి, గవర్నరు జనరలునకు నేరుగా లోబడునట్లు ఒక ప్రత్యేక ఏజెన్సీ నేర్పరచి, దానికి మెక్‌ఫెర్సన్‌ను ప్రథమ ఏజెంటుగా నియమించిరి. జయపురము కొండలును దీని పరిధిలోనివే. అంత విశాలదేశమునకు అధిపతి యైనవాడు సైన్యములో మాత్రము కేప్టెను. సేవలో చేరి పదునెనిమిదేండ్లైన కేప్టెను! అతని ప్రదేశములో తిరుగుబాటు పుట్టినచో సైన్యము రావలెను. ఆ సైన్యమునకు ముందు నడచువాడు కర్నలో, జనరలో అయియుండును. సివిలు అధికారము కేప్టెను చేతిలో, ఖడ్గము జనరలు చేతిలో. ఈ యేర్పాటు శాంతికాలమున సాగునుగాని, అలజడిలో సాగదు.

అలజడి 1846లోనే వచ్చెను. బౌదు దేశములోని బిసిపరాలో కోందులు 170 మంది వరకు మెరియాలను మెక్‌ఫెర్సన్‌కు అప్పగించిరి. కొలది దినములకే అతని శిబిరమును చుట్టుముట్టి, వారిని తిరిగి పుచ్చుకొనిరి. చక్రా బిసోయి నాయకత్వమున తిరుగుబాటు గుమ్సూరునకు వ్యాపించెను. ఉత్తరభాగపు సైన్యమునకు అధిపతి యైన జనరలు డైస్ పటాలములతో వచ్చెను. వచ్చి, ఈ యల్లకల్లోలమునకు ఏజెంటే కారణమని కలకత్తాకు వ్రాసెను. 1847లో మెక్‌ఫెర్సన్‌ను, అతని సహాయకులను తొలగించి, ఏజెన్సీని కేంబెల్‌కు అప్పగించిరి. పిమ్మట జాన్ పీటర్ గ్రాంటు విచారణ జరిపి, మెక్‌ఫెర్సన్ నిర్దోషియని తేల్చెను. నిర్దోషియైనవానికి ఉద్యోగము తిరిగి రాలేదు. కొండలకు అతడు తిరిగి రాలేదు. అయినను అతని హోదా పోలేదు, వంతు పోలేదు. పట్టీలో కాలము నడచుచునే యుండెను. తరువాత అతడు గ్వాలియరులో పొలిటికల్ ఏజెంటై, 1857 నాటి విప్లవములో సింధియా ఇంగ్లీషువారి పక్షమున నిలుచుటకు తోడ్పడి, సి. బి. బిరుదు పొందెను. 1860లో మరణించునప్పటికి అతడు మేజరు మాత్రమే. కేంబెల్ అప్పటికి మేజరు జనరలు. ఇద్దరును కొండల కథను ఎవరికివారు లోకమునకు చెప్పుకొనిరి. కేంబెల్ 1861లోను, 1864లోను తన వృత్తాంతములను తానే ప్రకటించుకొనెను. మెక్‌ఫెర్సన్ పక్షమున అతని సోదరుడు 1865లో ఒక గ్రంథమును ప్రకటించెను.

ఈ వాదములో సంఖ్యలు ఎట్లు ఆయుధములయ్యెనో గమనింపదగినది. 1837 నుండి 1854 వరకు విడిపింపబడిన మెరియాలు 1,506 మంది యని కేంబెల్ లెక్క చెప్పెను. ప్రాణములు దక్కినవారి సంఖ్యను చిన్నచూపు చూచుట మా యుద్దేశము కాదు. కాని కొండలలో జరిగిన పనిలో పైయధికారులకు కనబడునది, కొలతకు వచ్చునది ఈ సంఖ్య యొక్కటియే. తీర్చిన తగవునకు లెక్క లేదు. జరుగకుండ ఆగిన కొట్లాటకు లెక్క లేదు. యుద్ధవిజయమునకు సమానముగా చూపదగినది ఏదైన కావలసినవానికి విడిపించిన తలల సంఖ్య అట్టిదని మాకు తోచుచున్నది. సంఖ్య పెరుగవలెనన్నచో మనుష్యులను పట్టితేవలెను. పట్టితెచ్చుటకు సిపాయిలు కావలెను. వారిద్దరి పద్ధతులలో కేంబెల్ పద్ధతియే నిలుచుటకు దాని సులభత్వముతోబాటు ఇదియు ఒక కారణమైయుండును.

భాష విషయమున ఈ యుపేక్ష మరింత స్పష్టము. కంపెనీ చివరి కాలమున సైనికాధికారికి రెజిమెంటు వెలుపలి పదవి కావలెనన్న హిందూస్తానీలో పరీక్ష నెగ్గవలెను. హిందూస్తానీ అరకులో ఎవరి భాష? లోయలోని భగతలు, కొండదొరలు తెలుగు మాటలాడుదురు. కొఠియాలు ఒకవిధమగు ఒరియా మాటలాడుదురు. కోందులకు కువి కలదు. పోర్జలకు వేరు మాటలు కలవు. ఒక ఫిర్యాదు దొరచెవిని పడుటకు ముందు కువినుండి ఒరియాలోనికో తెలుగులోనికో, అందుండి హిందూస్తానీలోనికో ఇంగ్లీషులోనికో మారవలెను. నడుమ నున్న ద్విభాషి ఎంత బలవంతుడగునో ఊహింపవచ్చును. మెరియా ఏజెన్సీలో సహాయకుడైన ఫ్రై అను సైనికాధికారి మాత్రము కోందుల భాషను శ్రద్ధతో నేర్చి, ఆ భాషలో పాఠములను సిద్ధపరచెను. ద్రావిడభాషా పరిశోధకులు అతనిని తలంచుకొనవలెను. జ్యేష్ఠతా పట్టీకి మాత్రము ఆ శ్రమతో నిమిత్తము లేదు.

పట్టీలను గూర్చి చెప్పుచు సిపాయిలను మరచుట న్యాయముకాదు. మదరాసు సైన్యములో తెలుగువారు ఎందరో యుండిరి. ఉత్తరదేశములో సిపాయిని 'తిలంగా' యని పిలుచుట అందుకు గుర్తు. వీరికిని జ్యేష్ఠతయే నియమము. సిపాయి నాయకుడై, హవల్దారై, జమేదారై, సుబేదారగునప్పటికి తల నెరయును. అంతతో మెట్లు ముగియును. ముప్పదియేండ్లు సేవచేసిన సుబేదారు, నిన్న ఓడదిగిన ఎన్‌సైనునకు లోబడవలెను. కొండలలో ఎక్కువగా తిరిగినవారు రెజిమెంటు సిపాయిలు కూడ కారు, సిబ్బందీలు. ఈ మాట నేడు కచ్చేరీ ఉద్యోగులందరికి వర్తించుచున్నది. ఆనాడు స్థానికముగా చేర్చుకొన్న తక్కువజీతపు బంట్లకే సిబ్బందీలని పేరు. గంజాము, విశాఖపట్టణము కొండలలో వీరి దళములుండెను. వానికి నాయకులు మదరాసు సైన్యమునుండి వచ్చిన ఎరువు అధికారులే.

1861లో రెండు మార్పులు ఒక్కసారిగ వచ్చినవి. మెరియా ఏజెన్సీ రద్దయ్యెను. ఆ పదునారేండ్లలో మెక్‌ఫెర్సన్, కేంబెల్, నడుమ కేంబెల్ సెలవులో నున్నప్పుడు మెక్‌వికర్, కడపట మెక్‌నీల్ దాని నధిష్ఠించిరి, నలుగురును సైనికులే. అదే సంవత్సరమున కంపెనీ సైన్యపు పాత కట్టుబాటును తీసివేసి బంగాళా, మదరాసు, బొంబాయిలకు మూడు స్టాఫ్ కోరులను స్థాపించిరి. పోలీసు, రాజకీయ, సివిలు, ఇంజనీరింగు పనులలోని సైనికులు ఇకమీద ఈ కోరులకు చెందుదురు. నూతన నియమము సులభమైనది: సేవ పండ్రెండేండ్లైనచో కేప్టెను, ఇరువదేండ్లైనచో మేజరు, ఇరువదియారేండ్లైనచో లెఫ్టినెంటు కర్నలు. పైవాడు చావనక్కరలేదు, విరమింపనక్కరలేదు, చందాలును అక్కరలేదు. క్యాలెండరే పదోన్నతి నిచ్చును. జ్వరమునకు పట్టీలో నుండిన క్రూరస్థానము దీనితో తొలగిపోయినది, ఇది మేలే. కాని దీని ఫలితముగా కొలదికాలములోనే పనికి మించిన కర్నలులు పెరిగిపోయిరి. నూతన పద్ధతిలో ఒక దేశీయ రెజిమెంటునకు ఆరేడుగురు ఇంగ్లీషు అధికారులు చాలును. మిగిలినవారికి పని యెక్కడనో చూపవలెను. అట్టివారికి 1859వ సంవత్సరపు 24వ చట్టముచే ఏర్పడిన మదరాసు పోలీసుశాఖ చక్కని ఆశ్రయమయ్యెను. మొదటి సూపరింటెండెంట్లలో చాలమంది సైనికులే.

1863లో జయపురపు కొండల పాలనను ప్రభుత్వము స్వయముగా చేపట్టినప్పుడు అచ్చటికి సహాయ ఏజెంటుగా వెళ్ళినవాడు లెఫ్టినెంటు స్మిత్. న్యాయవిచారణ, శాంతిరక్షణ రెండును అతనివే. కేప్టెను కూడ కానివానికి అంతటి దేశము నప్పగించుట వింతగా తోచునుగాని, అతని హోదా అతని పనిని కొలుచునది కాదు, అతని వయస్సును కొలుచునది. ఆ దేశమును చక్కబెట్టినను, చెడగొట్టినను పండ్రెండవయేట కేప్టెను హోదా అతనికి సిద్ధముగా నుండును.

దీనికి ప్రక్కన ముఠాదారుని స్థితి నుంచి చూడవలెను. గొలుగొండ సంస్థానమును 1837లో ప్రభుత్వము వేలములో కొనిన తరువాత అచ్చటి ముఠాదారులు నేరుగా ప్రభుత్వమునకు లోబడినవారైరి. 1845 నుండి 1848 వరకు వారు తిరుగబడుటకు ఈ మార్పే మూలము. ముఠాదారుని పదవి వంశపరంపరగా వచ్చునదియే. కాని ఏజెంటు కలముతో పోవునది. కేప్టెను హోదా వంశముతో వచ్చునది కాదు. కాని కలెక్టరు కోపముతో గాని, గవర్నరు జనరలు కోపముతో గాని పోవునది కాదు. మెక్‌ఫెర్సన్‌ను తొలగించినప్పుడు ఏజెన్సీ పోయినది, కేప్టెను హోదా నిలిచినది. సైనికుని హోదాను తీసివేయవలెనన్న సాధారణముగా సైనికన్యాయసభ కూర్చుండవలెను. ముఠాదారుని తీసివేయుటకు అట్టి సభ యేదియు లేదు. 1839వ సంవత్సరపు చట్టముచే సాధారణ న్యాయస్థానముల తలుపులు కూడ అతనికి మూయబడియుండెను. మన్యపు పితూరీలలో పదవి పోయిన ముఠాదారులు, గ్రామోద్యోగులు పదేపదే కనబడుటకు ఇదియు నొక హేతువు. 1879లో చెలరేగిన రంపపితూరీకి కల్లుపన్ను, మన్సబుదారుని దౌర్జన్యము ముఖ్యకారణములని అందరును ఎరిగినదే. దానిని అణచుటకు మదరాసు పటాలములను, హైదరాబాదు కంటింజెంటు బలములను కూడ దింపవలసివచ్చెను.

మూడు స్టాఫ్ కోరులు 1891లో ఒక్కటై, 1903లో ఆ పేరు కూడ పోయి, అంతయు భారతసైన్యమయ్యెను. పదోన్నతి కాలము కొంత తగ్గినది: తొమ్మిదేండ్లకు కేప్టెను, పదునెనిమిదేండ్లకు మేజరు. మూలసూత్రము మారలేదు. సామ్రాజ్యములో మరికొన్ని చోట్ల దీనికి భిన్నమగు మార్గము త్రొక్కిరి. 1897లో ఏర్పడిన పశ్చిమాఫ్రికా సరిహద్దు దళమునకును, 1902లో ఏర్పడిన కింగ్స్ ఆఫ్రికన్ రైఫిల్సునకును వలసప్రభుత్వములు బ్రిటిషు సైన్యమునుండి అధికారులను ఎరువు తెచ్చుకొని, అచ్చట నున్నంతకాలము ఒక మెట్టు పై హోదాను స్థానికముగా నిచ్చుచుండెను. లెఫ్టినెంటు ఆఫ్రికాలో కేప్టెనగును. ఓడయెక్కి స్వదేశము చేరగనే మరల లెఫ్టినెంటగును. ఇది వింతయైనను, పనికిని హోదాకును కొంత సంబంధము కల్పించినది. మన మన్యములో అధికారముమాత్రము పెద్దది, హోదా మాత్రము పట్టీ యిచ్చినదే.

1922లో అల్లూరి సీతారామరాజు ఉద్యమము ఆరంభమైనప్పుడు ప్రభుత్వము మొదట పోలీసుబలమునే నమ్మెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కవర్డ్, హైటర్ అను ఇద్దరు పోలీసు అధికారులు హతులైరి. పిమ్మట మలబారు స్పెషల్ పోలీసు వచ్చెను. అదియు చాలక 1924లో అస్సాము రైఫిల్సును దింపిరి. ఈ దళము ఈ వ్యాసవిషయమునకు మిక్కిలి సన్నిహితమైనది. అది సైన్యములోనిది కాదు. అస్సాము ప్రభుత్వపు బలము. దాని అధికారులు మాత్రము భారతసైన్యమునుండి కొన్నియేండ్లకై ఎరువు వచ్చినవారు. ఆ బలమును మదరాసు ప్రభుత్వము మరల ఎరువు తెచ్చుకొనెను. అనగా గూడెము కొండలలో నడచిన మేజరు గుడాల్, ఒక సైన్యమునకు చెంది, ఒక ప్రభుత్వమునకు ఎరువు పోయి, మరియొక ప్రభుత్వపు కొండలలో యుద్ధము చేయుచున్నవాడు. 1924 మే 7న రామరాజు పట్టుబడి, విచారణ లేకయే గుడాల్ చేతులలో మరణించెను. బందీని న్యాయస్థానమున నిలుపుట ప్రత్యేక కమీషనరు రూథర్‌ఫర్డు మొదలగు సివిలువారికి ఎంత అవసరమో, ఎరువువానికి అంత అవసరము కాదు. కొండలతో అతనికి రేపు పని లేదు.

ఆ పితూరీలో రామరాజునకు కుడిభుజమైన గాము గంతందొర బట్టిపనుకులలో గ్రామమున్సబు పనినుండి తొలగింపబడినవాడు. ఆ యుద్యోగము అతనికి తిరిగి రాలేదు. 1924 జూనులో అతడు చంపబడెను. అతని తమ్ముడు మల్లుదొర ముందే పట్టుబడి, ఉరిశిక్ష పడి, అది యావజ్జీవశిక్షగా మారి, అండమానులకు పోయెను. బయటికి వచ్చి, 1952లో విశాఖపట్టణమునుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను.